పలికినవాడు దాటించాలి

ఎర్లెన్ రేవులో పడవ నడిపిన హిల్మర్ థైస్ చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనలేదు. మంచివాడని కూడా అనలేదు. రేవువాడు అనేవారు, అంతే. ఇటు ఒడ్డున ఎర్లెన్, అటు ఒడ్డున కాల్బ్, మధ్యలో రైన్ నది. వంతెన మీదుగా పోవాలంటే రైలెక్కి నగరం దాకా వెళ్ళి, అక్కడ దాటి, అవతలి ఒడ్డు రైలెక్కి మళ్ళీ వెనక్కి రావాలి. సగం రోజు దానికే సరిపోతుంది. అందుకని ఎవరికి ఏ పనిబడ్డా హిల్మరే దిక్కు.

అటు ఒడ్డున గంట లేదు, జెండా లేదు. దాటాలనుకున్నవాడు నీటి అంచున నిలబడి, అరచేతులు నోటి చుట్టూ పెట్టుకుని "హోలూ...బర్" అని సాగదీసి పిలవాలి. వచ్చి దాటించు అని దానర్థం. హిల్మర్ ఇవతలి నుంచి "యో..." అని పలకాలి. ఆ రెండు కేకలకూ తాతల నాటి రాగం ఒకటుంది. ఆ రాగంలో పిలిస్తేనే గొంతు నీళ్ళ మీదుగా అవతలికి చేరుతుంది. పలకడమంటే ఒప్పుకోవడమే. పలికినవాడు దాటించాలి. పలికి రానివాడికి రెండు ఒడ్డుల్లోనూ ఎవరూ బీరు పోయరు. కాల్బ్ పోకిరీలు సరదాకి పిలిచి పొదల్లో దాక్కునేవారు. పిలిచింది వాళ్ళేనని అనుమానం ఉన్నా, పలికాడు గనక హిల్మర్ వెళ్ళేవాడు. ఖాళీ రేవును చూసి, వాళ్ళ వంశాన్నంతా తిట్టుకుంటూ ఖాళీ పడవతో తిరిగొచ్చేవాడు.

రేవు గోడ మీద నల్లరంగుతో రెండు గీతలుండేవి. వరద మొదటి గీతను తాకితే పెద్ద పడవలు నది నడిమధ్యలోనే, నత్తనడకన పోవాలి. లేదంటే అవి లేపే అలలకు ఒడ్డునున్న ఇళ్ళ తలుపులు ఊడిపోతాయి. రెండో గీతను తాకితే ఇక ఏదీ కదలకూడదు. బొగ్గు పడవైనా సరే, హిల్మర్ పడవైనా సరే. "రెండొచ్చింది" అంటే ఎర్లెన్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ కట్టడి ఊరికే పెట్టింది కాదు. పై రేవులో ఒకడు రెండు దాటాక జనాన్ని ఎక్కించుకుని బయల్దేరాడు. కొట్టుకొచ్చిన చెట్టు ఒకటి పడవ పక్కటెముకలు విరగ్గొట్టింది. శవాలు వేసవిలో గాని దొరకలేదు.

ఇదంతా నిజమే. ఇంకో నిజం కూడా ఉంది. హిల్మర్‌కి ఆ రెండో గీతంటే ఇష్టం. ఏడాది పొడుగునా ఎవడు పిలిస్తే వాడి దగ్గరికి పరిగెత్తే మనిషికి, కాదనే అధికారం ఆ నాలుగు రోజులే దొరికేది. పడవకు గొలుసు చుట్టి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని, రేవు మెట్ల మీద కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడేవాడు. బతిమాలేవాళ్ళను చివరిదాకా బతిమాలనిచ్చి, అప్పుడు చెప్పేవాడు, "చావైనా పెళ్ళైనా, రెండంటే రెండే" అని. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో వెలుగు చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆయనకు ఒక్కతే కూతురు, హెడ్విగ్. ఎర్లెన్ వాళ్ళది రోమ్ పోప్ చర్చి, కాల్బ్ వాళ్ళది లూథర్ చర్చి. క్రీస్తు ఒక్కడే గాని, ఇద్దరికీ ఒకరి నీళ్ళు ఒకరికి పడవు. హెడ్విగ్ పోయి పోయి కాల్బ్‌లో ద్రాక్షతోట ఉన్న ఎవాల్ట్‌ని చేసుకుంటానంది. తల్లి అపొలోనియా ఏడ్చి ఊరుకుంది. హిల్మర్ ఏడవలేదు, ఊరుకోలేదు. కూతురు ఇల్లు వదిలిన రోజున ఊళ్ళో ఇంకో పడవ లేదు గనక ఆయనే దాటించాడు.  అవతల ఆమె పెట్టెను తడి రాళ్ళ మీద దించి, పరాయివాళ్ళ దగ్గర చాచినట్టే దాటింపు కూలికి చెయ్యి చాచాడు. ఆమె ఇచ్చింది.

"ఇక్కణ్ణించి ఎవడు పిలిచినా పలుకుతాను. నువ్వు పిలిస్తే మాత్రం పలకను" అన్నాడు.

"నేను పిలిస్తే కదా నాన్నా."

తండ్రి పంతమే కూతురికీ వచ్చింది. ఆమె పిలవలేదు. యుద్ధం అయిపోయి పడ్డ ఇళ్ళన్నీ మళ్ళీ లేచాయి, యుద్ధఖైదీగా చిక్కిన ఎవాల్ట్ తిరిగొచ్చాడు, హెడ్విగ్‌కి పిల్లలు పుట్టారు. అయినా పిలవలేదు. లోనీయే వారానికోసారి ప్లమ్ పళ్ళ రొట్టె గుడ్డలో చుట్టుకుని పడవెక్కేది. లోనీ అంటే అపొలోనియాయే, ఊరంతా ఆమెను అలాగే పిలిచేది. హిల్మర్ భార్యను దాటించి, అవతల మనవలు రేవు దాకా పరిగెత్తుకొస్తే ఇంజను వైపు తిరిగి నూనె గుడ్డతో చేతులు తుడుచుకునేవాడు. ఆ చేతులు అంతసేపు తుడవాల్సినంత మురికిగా ఎప్పుడూ లేవు.

ఆ చలికాలం లోనీకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కొత్త సంవత్సరం వచ్చేసరికి మంచం దిగలేకపోయింది. పక్కింటి స్టీనా వచ్చి పోయి చూసుకునేది. కొండల మీద మంచు కరిగి, పైన వానలు పట్టి, నది మొదటి గీతను తాకిన రోజున స్టీనా హిల్మర్‌ని వంటింట్లోకి పిలిచింది.

"హెడ్డీకి కబురు పెట్టు. ఈమె ఎన్నాళ్ళో ఉండదు."

"దాని ఇష్టం. దారి తెలీదా ఏంటి దానికి?"

"తల్లి ఇలా ఉందని చెప్తే కదయ్యా తెలిసేది."

"నేను చెప్పను. నువ్వు చెప్తే నీ నోరు నేను కుట్టలేను కదా" అన్నాడు హిల్మర్. ఆయన నోటంట అంతకంటే మెత్తని మాట రాదని స్టీనాకు తెలుసు. ఆ సాయంత్రం ఆఖరి దాటింపులో కాల్బ్ బడిపంతులు ఇంటికి వెళ్తుంటే చెవిలో చెప్పి పంపింది. తన పడవలో తన ఇంటి కబురే వెళ్తోందని హిల్మర్‌కి తెలియకపోలేదు. చుక్కాని పట్టుకుని పంతులు వంక చూడకుండా నడిపాడు.

పొద్దున్నే రెండొచ్చింది.

తపాలా ఆఫీసు నేలమాళిగలోకి నీళ్ళొచ్చి ఊళ్ళో ఉన్న ఒక్క ఫోనూ మూగబోయింది. హిల్మర్ గొలుసు చుట్టి తాళం వేశాడు. ముందుగా వచ్చినవాడు ముసలి మాథెస్. హిల్మర్ తండ్రికి స్నేహితుడు, చిన్నప్పుడు హిల్మర్‌ని భుజాన ఎక్కించుకున్న మనిషి. ఆయన అన్న కాల్బ్‌లో పోయాడు, మధ్యాహ్నం మట్టి. నల్ల కోటు వేసుకుని, చేతిలో కొవ్వొత్తి పట్టుకుని మెట్లు దిగాడు.

"ఒక్కసారికిరా హిల్మర్. నన్ను ఒక్కణ్ణే."

"కుదరదు మాథెస్ బాబాయ్."

"తిరిగి తీసుకురావొద్దులే. అక్కడ దించెయ్, చాలు. నీళ్ళు తగ్గేదాకా అక్కడే పడుంటాను."

హిల్మర్ ఆయన్ని చెప్పుకోనిచ్చాడు. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకే చెప్పుల జత వంతులేసుకుని తొడుక్కున్న సంగతి కూడా చెప్పాడు మాథెస్. అంతా విని హిల్మర్ తన మాట తను చెప్పాడు, "చావైనా పెళ్ళైనా, రెండంటే రెండే."

పడవ తీయకపోవడం తప్పు కాదు. ఆ ముసలాయన్ని అంతసేపు మాట్లాడనివ్వడం తప్పు. కాల్బ్ చర్చి గంట మోగినప్పుడు మాథెస్ ఇవతలి ఒడ్డున టోపీ తీసి, కొవ్వొత్తి వెలిగించబోయాడు. గాలికి అది ఆరిపోతుంటే మళ్ళీ మళ్ళీ వెలిగించుకున్నాడు. సారాయంగడి ఫెల్టెన్ పక్కన నిలబడి అన్నాడు, "చూస్కో హిల్మర్, నీకూ వస్తుంది ఓ రోజు." నవ్వుతూనే అన్నాడు. ఫెల్టెన్‌కి నవ్వకుండా విషం కక్కడం చేతకాదు.

ఆ రోజు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. మర్నాడు పొద్దున, జనం రేవు దగ్గర చేరి కొట్టుకొస్తున్న దుంగల్ని, పీపాల్ని, ఎవరిదో కోళ్ళగూటిని చూస్తున్నారు. చినుకులో మంచు కలిసి పడుతోంది. అప్పుడు అవతలి ఒడ్డు నుంచి కేక వినబడింది.

"హోలూ...బర్."

కాల్బ్‌లో అందరూ పిలుస్తారు గాని, చివర గొంతును పైకి లేపడం ఎర్లెన్ రేవులో పుట్టినవాళ్ళకే వస్తుంది. కూతురికి హిల్మర్ తనే నేర్పాడు, ఒళ్ళో కూచోబెట్టుకుని. ఆలోచన తలకెక్కేలోపే ఆయన నోరు తెరుచుకుంది.

"యో..."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇది నది దాటింది. అవతల నల్లకోటు మనిషి చెయ్యెత్తింది. విన్నానని.

 ముందుగా ఫెల్టెన్ నోరు విప్పాడు. "పలికావు."

హిల్మర్ మెట్లు దిగి, జేబులోంచి తాళంచెవి తీశాడు.

"ఓహో, తాళంచెవి ఉందే! నిన్న మాథెస్‌కి లేని తాళంచెవి ఇవాళ ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు ఫెల్టెన్. "నది నిన్నటికన్నా తగ్గిందా ఏంటి? నాకైతే ఇంకా జానెడు పెరిగినట్టు కనబడుతోంది."

"నా భార్య పోతోంది ఫెల్టెన్."

"అయ్యో పాపం. చావైనా పెళ్ళైనా అని ఎవడో అంటుండేవాడు. ఎవడబ్బా వాడు?"

ఒకరిద్దరు నవ్వారు. హిల్మర్ మాథెస్ వైపు చూశాడు. ఆ ముసలాయన ఒక్కడూ వెళ్ళమంటే హిల్మర్ వెళ్ళేవాడు. ఒక్క తల ఊపు చాలు. మాథెస్‌కి అది తెలుసు. తెలిసే నెమ్మదిగా చెప్పాడు.

"మా అన్నని పూడ్చేశారురా. నేను ఇక్కడే నిలబడ్డాను, ఈ రాయి మీదే. నీ కూతురు ఆ రాయి మీద నిలబడితే అరిగిపోదులే."

అప్పుడే వేళ్ళతో సహా ఒక పోప్లార్ చెట్టు నది మధ్యలో గిర్రున తిరుగుతూ పోయింది. వెళ్ళకపోవడానికి ఆ చెట్టు చాలు. రెండో గీత చాలు. మునిగిన పై రేవు పడవ చాలు. కాని హిల్మర్ కాళ్ళను పట్టి ఆపింది ఆ మూడూ కావు, వెనకనున్న కళ్ళు. అందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆయన పని. తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

రానని చెప్పాలి. వంతెన మీదుగా రమ్మని చెప్పాలి. అరిచాడు. "రైలెక్కు... రైలు..." వరద హోరులో ఆ మాటలు పది గజాలు పోకుండానే చచ్చిపోయాయి. నీళ్ళ మీద నడవగలిగిన కేకలు రెండే, పిలుపూ పలుకూ. రానని చెప్పే కేక రేవువాళ్ళకు లేదు. దాని అవసరం వస్తుందని వాళ్ళ తాతలెవరూ అనుకోలేదు. చేతులు అడ్డంగా ఊపాడు. దూరం నుంచి చూసేవాళ్ళకు అది వస్తున్నా ఆగు అన్నట్టే ఉంటుంది. అవతల ఆమె మళ్ళీ చెయ్యెత్తింది.

నీళ్ళు చూస్తే అదే అర్థం చేసుకుని రైలెక్కుతుందిలే అనుకుంటూ హిల్మర్ ఇంటికి నడిచాడు. రేవువాడి కూతురికి రెండంటే తెలీదా అనుకున్నాడు. తెలుసు. అందుకే కదలలేదు. రెండు దాటాక నాన్న పలకడు. తను పిలిస్తే అసలే పలకడు. అలాంటి మనిషి పలికాడంటే ఇవాళ ఆ రెండు మాటలూ తెంచుకుని వస్తున్నాడన్నమాట. ఎర్లెన్‌లో పుట్టని మనిషైతే ఒక గంట చూసి స్టేషనుకి పోయేది. హెడ్విగ్ పాలక్యాను ఒకటి బోర్లించుకుని రేవులో కూచుంది.

లోనీ మంచం కిటికీ పక్కనే. హిల్మర్ గదిలోకి వచ్చేసరికి ఆమె కళ్ళు తెరిచి ఉన్నాయి.

"హెడ్డీ గొంతే కదూ?"

"ఊఁ."

"నువ్వు పలికావు. విన్నాను." లోనీ నవ్వింది. పళ్ళు కనబడేలా నవ్వి ఎన్నాళ్ళయిందో. "పలకనన్నావుగా, ముసలి మొండోడా."

"పలికానులే."

"అయితే వచ్చేస్తుంది. స్టీనా, కాస్త నా జుట్టు దువ్వవే. ఇలా చూస్తే ఝడుసుకుంటుంది పిల్ల."

స్టీనా హిల్మర్ వైపు చూసింది. హిల్మర్ నేల వైపు చూశాడు. ఆయన అప్పుడైనా చెప్పాల్సింది. లేదు, చెప్పకూడదేమో. చచ్చిపోతున్న మనిషి చేతిలోంచి ఆ ఒక్కటీ ఎవరు లాక్కుంటారు. స్టీనా దువ్వెన తీసుకుని, చిక్కులు పడ్డ ఆ నెరసిన జుట్టును పాయలు పాయలుగా దువ్వి జడ వేసింది.

ఎవరు వెళ్ళి దాటిస్తారని లోనీ అడగలేదు. దాటించాల్సిన మనిషి తన పక్కనే కుర్చీలో కూచున్నాడన్న సంగతి ఆ మగతలో ఆమెకు తట్టలేదు. మధ్య మధ్యలో కళ్ళు తెరిచి, "ఎంతవరకు వచ్చింది?" అని మాత్రం అడిగేది.

"వస్తోంది. నీళ్ళు వడిగా ఉన్నాయి, నిదానంగా తెస్తున్నారు" అనేవాడు హిల్మర్.

"మంచిది. నిదానంగానే రానీ."

హిల్మర్ కిటికీలోంచి చూశాడు. కాల్బ్ రేవులో నల్లకోటు అలాగే ఉంది. మంచు పడి దాని భుజాలు తెల్లబడ్డాయి. పోవే తల్లీ, పో, లేచి స్టేషనుకి పో అని గొణిగాడు. ఇప్పుడు వెళ్ళినా దీపాలు పెట్టే వేళకి చేరుకుంటుంది అనుకున్నాడు. మళ్ళీ చూసేసరికి ఎవరో ఆమెకు గొడుగు తెచ్చిచ్చారు. ఎవాల్టే అయుంటాడు. చెయ్యి పట్టి లాగుతున్నాడు. ఆమె విడిపించుకుని నది వైపు చూపించింది. పలికాడు అని చెప్తోందని హిల్మర్‌కి ఇంత దూరం నుంచీ అర్థమైంది. పరువూ పంతమూ అన్నీ వదిలేసి వెళ్ళి పడవ విప్పుదామని లేచాడు. అప్పుడు లోనీ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆమె పట్టులో బలమేమీ లేదు. విడిపించుకోవచ్చు. విడిపించుకోలేదు.

చీకటి పడబోయే ముందు లోనీ "తలుపు చప్పుడయింది, చూడు" అంది. తలుపు చప్పుడు కాలేదు. స్టీనా వెళ్ళి చూసినట్టు చూసి తిరిగొచ్చేసరికి ఆమె ప్రాణం పోయింది. జడ చెక్కుచెదరలేదు.

ఎర్లెన్‌లో ఆడమనిషి పోతే చర్చి చిన్నగంటను రెండు విడతలుగా మోగిస్తారు, మగవాడికైతే మూడు. గంట గొంతుకి వరద అడ్డం కాదు. చిన్నగంట ఒక విడత మోగి ఆగింది. ఇంకో విడత మోగి ఆగింది. మూడోది మోగలేదు. అవతల నల్లకోటు పాలక్యాను మీంచి లేచింది. వెనక్కి తిరిగి పోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి హెడ్విగ్ రైల్లో వచ్చింది. చలికి పెదాలు పగిలి ఉన్నాయి. తల్లి పక్కన మోకరించి, జడను చేత్తో తడిమి, "ఎవరు వేశారు?" అని స్టీనాని అడిగింది. స్టీనా చెప్పింది. ఎందుకు వేయించుకుందో కూడా చెప్పేసింది. హెడ్విగ్ గుడ్లనీరు కుక్కుకుని ఆ జడను తల్లి భుజం మీదికి సర్దింది. హిల్మర్ తలుపు దగ్గర టోపీ పట్టుకుని నిలబడ్డాడు.

"రెండు దాటిందమ్మా. చెట్లు కొట్టుకొస్తున్నాయి. వస్తే ఇద్దరం పోయేవాళ్ళం" అన్నాడు.

"నువ్వు రాలేదని నేనేమీ అనడం లేదు నాన్నా."

"మరి?"

"పలక్కుండా ఉండాల్సింది. పలకనని అన్నావు కదా, ఆ మాట మీదే ఉండాల్సింది. పంతులు కబురు మొన్న రాత్రికి గాని నాకు చేరలేదు. ఒక్కసారి పిలిచి చూసి, నువ్వు పలక్కపోతే పొద్దున బండికే వద్దామని టికెట్ కూడా తీసుకునే వచ్చాను. అమ్మ ఉండగానే వచ్చేదాన్ని."

హిల్మర్ వెళ్ళి నది వైపు కిటికీ మూసేశాడు. 

అంత్యక్రియల భోజనం దగ్గర ఫెల్టెన్ సారా పోస్తూ, "ఏమైనా గాని, కన్నకూతురు పిలిస్తే వెళ్ళని మనిషి మనిషేనా, నేనైతే ఈదుకుంటూ పోయేవాణ్ణి" అన్నాడు. రేవులో నవ్వినవాళ్ళే ఇప్పుడు తలలూపారు. మాథెస్ ఊపలేదు. తన గ్లాసు తాగకుండా అక్కడే పెట్టి లేచి వెళ్ళిపోయాడు. ఊరి నోటికి రెండు వైపులా పదునే.

అప్పటికి నది రెండో గీత కిందికి దిగింది. పడవలు కదలొచ్చని కబురొచ్చింది. హిల్మర్ గొలుసు విప్పాడు, పడవలో పేరుకున్న బురద కడిగాడు, కూచునే చెక్క మీద తన కోటు పరిచాడు. హెడ్విగ్ సంచీతో ఇంట్లోంచి బయటికి వచ్చేసరికి మెట్ల కింద చుక్కాని పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"దిగమ్మా. పది నిమిషాల్లో దించేస్తాను."

ఆమె మెట్ల దాకా వచ్చింది. పడవను చూసింది, కోటును చూసింది. తర్వాత స్టీనా వైపు తిరిగి, "నగరం బండి ఎన్నింటికి పిన్నీ?" అని అడిగింది.

స్టీనా చెప్పింది. హెడ్విగ్ సంచీ భుజాన వేసుకుని స్టేషను వైపు నడిచింది. సగం రోజు దారి, అవతల తన ఇల్లు ఇక్కణ్ణించి కనబడుతూనే ఉంది.